పడుగు కోసిన చెయ్యి

నా తప్పుతోనే మొదలుపెడతాను. అది దాచి జబ్బు సంగతి మాత్రమే చెబితే జాలి కోసం రాసినట్టు ఉంటుంది.

ఆ రోజు పొద్దున, సిద్దిపేటలో మా వీధిలో, పదిమంది చూస్తుండగా, గంజి పెట్టిన పడుగును నేను కత్తితో కోశాను. మగ్గం మీద బతికేవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర లేదు. మిగతావాళ్ల కోసం కొంచెం చెబుతాను. బట్టలో నిలువుగా సాగే పోగులను పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు ఆ వందల పోగులను వీధి పొడవునా చాపి, రెండు కొసలా బిగించి, గంజి పట్టించి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. ఒక ఇంటివాళ్లతో తెమిలే పని కాదు కనుక ఈ రోజు మా పడుగుకు వీధి వస్తుంది, రేపు వాళ్ల పడుగుకు మేం పోతాం. పరిచిన పడుగును ఎవరూ దాటరు. మేక దాటబోయినా అదిలిస్తారు.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనంగా ఉండేది, మగ్గానికింత అని వాటా కట్టి ఇచ్చేవాళ్లు. ఆ పడుగుకు నూలు ఇచ్చింది నా బామ్మర్ది ఈరయ్య. "అక్క ఇంట్ల మగ్గం ఆగొద్దు" అని తన వాటాలోంచి తీసి, చిన్నకోడూరు నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. గంజి పనికి కూడా ఉండిపోయాడు.

పని అయ్యాక వచ్చినవాళ్లకు కల్లు పోయడం మా వాడుక. నేను పని మొదలుకాకముందే తాగాను. అదీ కల్లు కాదు, సారా. కల్లు నాకు చాలక అప్పటికి ఎన్నాళ్లో అయింది. ఒక వైపు నేను, ఎదురుగా నా భార్య నర్సవ్వ కుంచెలు పట్టుకున్నాం. నా కుంచె తిన్నగా పోవడం లేదు. గంజి నా పంచె మీదే పడుతోంది.

"గంజి పడుగుకు వెట్టుమంటే నువ్వే వెట్టుకుంటున్నవేంది బావా! నిన్ను గూడ ఎండకు చాపాల్నా?" అన్నాడు ఈరయ్య.

అందరూ నవ్వారు. నర్సవ్వ కూడా నవ్వింది. నవ్వు కనబడకుండా కుంచె అడ్డం పెట్టుకుంది. అది చూశాను.

నడుముకు దోపుకున్న చిన్న కత్తి తీశాను. ఇక్కడ నిజం చెప్పాలి. అప్పుడు నాకు స్పృహ ఉంది. నా చెయ్యి లేవడం నాకు కనబడుతోంది. వద్దు అనే మాట కూడా నాలో ఉంది. కానీ పక్క వీధిలో ఎవరో ఎవరినో వద్దంటున్నట్టు, నాకు సంబంధం లేనట్టు వినిపించింది. అంతలో చెయ్యి పని ముగించింది. బిగించిన పోగులు తెగుతుంటే వాన మొదటి చినుకులు పెంకుల మీద రాలినట్టు చప్పుడైంది. రెండు సగాలు రెండు వైపులకు ఎగిరి తడి గంజితో దుమ్ములో పడ్డాయి.

నర్సవ్వ కుంచె కింద పెట్టింది. రెండు సగాలనూ దులిపి, చుట్టి, ఒక గోనెసంచిలో పెట్టి అటక మీద వేసింది. ఏడవలేదు, తిట్టలేదు. మా బిడ్డ సత్తెమ్మకు అప్పుడు ఏడేళ్లు. దాని చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. ఈరయ్య లోపలికి పోయి ఆమె రాట్నం భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రాట్నం ఆమె తల్లిది. రాట్నం గడప దాటడం చూశాక గాని ఆమె ఊరికే పోవడం లేదని నాకు తెలియలేదు.

నాతో ఒక్క మాటే అంది. "అన్నం ఉట్టి మీదున్నది."

*

ఆ ఎండాకాలం సంగతి ఎక్కువ గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే, ఇంట్లో చప్పుడు లేకపోవడం. పదేళ్లు నేను మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే, నా వెనక ఆమె రాట్నం తిప్పుతూ కండెలనే చిన్న గొట్టాలకు నూలు చుట్టేది. అడ్డపోగు ఆ కండెల్లోంచే రావాలి. ఆమె చుడితేనే నేను నేస్తాను. మగ్గం టకటకలో రాట్నం గుయ్యిమనడం కలిసి ఉండేది. కలిసి ఉన్నన్నాళ్లూ విడిగా నా చెవికి ఎక్కలేదు. అది పోయాక ఖాళీ ఇంట్లో రోజంతా దాన్నే వింటూ కూర్చునేవాణ్ణి.

తాగుడు ఎట్లా పెరిగిందో అడిగితే, ఫలానా రోజని చెప్పలేను. గుంటలో కాళ్లు లాగుతున్నాయని మొదలుపెట్టాను. ఒక సీస చాలనుకుని పోయేవాణ్ణి, ఒకటి అయ్యాక చాలనే మనిషి నాలో ఉండేవాడు కాదు. అనకూడని మాటలు నోట్లోంచి వచ్చేవి. ఒకసారి దారం తెగిందని అడ్డపోగును మోసే నాడె విసిరేస్తే గోడకు తగిలి కొస విరిగింది. తెల్లారి నేనే దాన్ని నున్నగా చెక్కుతూ, ఇది విసిరినవాడు ఎవడా అని కోపం తెచ్చుకున్నాను.

పడుగు కోసినందుకు సిగ్గుపడాలి గదా. సారా దుకాణంలో నేను చెప్పింది వేరు. "బామ్మర్ది పదిమందిల ఇజ్జత్ తీసిండు. ఏ మొగోడు ఊకుంటడు?" అన్నాను. నాతో తాగేవాళ్లు తలలు ఊపారు.

*

మృగశిర వానలు పడ్డ వారం, తాగడం మానేసి నర్సవ్వను పిలుచుకొద్దామని నిశ్చయించుకున్నాను. మూడు రోజులు ముట్టకుండా ఉండి, నాలుగో రోజు నోరు వాసన రాకుండా పోవాలని లెక్క. ఎవరికీ చెప్పలేదు. నాలాగా ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకు ఒక మాట. అట్లా ఒంటరిగా, ఒక్కసారిగా మానకండి. దవాఖానకు పోయి మానండి. నేను చావకుండా బయటపడింది పక్కింటి ముసలమ్మ వల్ల.

రెండో రోజుకు చేతులు వణికాయి. చెంబు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి. చెమటలు పోశాయి. మూడో రోజు మధ్యాహ్నం ఇంటి వాసాల నుంచి పోగులు వేలాడుతూ కనబడ్డాయి. తెల్లటి పోగులు, వందలు, అన్నీ తెగినవే. నేను నిలబడి ఒక్కో కొసా పట్టుకుని అతకడం మొదలుపెట్టాను. అతికినకొద్దీ తెగుతున్నాయి.

పక్కింటి ఎల్లవ్వ అంబలి తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"కనవడ్తలేదా అవ్వా? పోగులు. నర్సవ్వ వచ్చేసరికి అతకాలె."

ఎల్లవ్వ బెదరలేదు. అంబలి గిన్నె కింద పెట్టి దగ్గరికొచ్చింది. "గిన్ని పోగులు ఒక్కనివి ఎట్ల అతుకుతవ్? ఒక కొస ఇటియ్యి, నేను వట్టుకుంట" అని గాలిలోకి చెయ్యి చాచింది. నేను లేని పోగును ఆమె వేళ్లకు అందించాను. ఆమె దాన్ని పట్టుకునే, మెడ తిప్పి, వీధిలో పోయేవాళ్లను మెల్లగా పిలిచింది. "ఓ అయ్యా, బండి కట్టున్రి. ఈ పిలగానికి పానం బాగలేదు." బండి వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదని తర్వాత చెప్పారు.

*

దవాఖానలో మొదటి రోజులు నావి కావు. మంచానికి నన్ను పంచెతో కట్టారని ఎల్లవ్వ చెబితే తెలిసింది. తెలివి వచ్చాక లేచి నడవగలిగాను కాబట్టి పొద్దున పూట వరండాలో మిగతా రోగులతో కూర్చోబెట్టేవాళ్లు. డాక్టర్ సాబ్ వచ్చేదాకా అక్కడ కూర్చుని ఎదురుచూడటమే పని.

ఒక పొద్దున నా పక్కన ఒకామె జ్వరంతో ఉన్న ఆడపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల మా సత్తెమ్మ ఈడుది. నా వణికే చేతుల వంకే చూస్తోంది.

"నీకేం రోగం అన్నా?" అని తల్లి అడిగింది.

"జరం" అన్నాను.

"నీ తీరే అవ్వా, ఆయినకు గూడ జరమేనట" అంది ఆమె కూతురితో. ఆ పిల్ల తన చేతిలోని జొన్నరొట్టెలో సగం తుంచి నాకు ఇచ్చింది. తీసుకున్నాను. అబద్ధమాడి సంపాదించిన ఆ ముక్క నమలుతూ కూర్చున్నాను. పడుగు కోసినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "దానికేంది అన్నా, తగ్గుతది తియ్యి" అని ఆ తల్లి నన్ను ఓదార్చింది.

డాక్టర్ సాబ్ ఉర్దూలో మాట్లాడేవాడు. నాకు బజారు ఉర్దూ వస్తుంది గాని ఆయన మాట అందేది కాదు. కాంపౌండర్ దానయ్య తెలుగులో చెప్పేవాడు. ఒకరోజు నేను అడిగాను. చెయ్యి నాదే, కళ్లు నావే, చూస్తూ చూస్తూ ఆ పని ఎట్లా చేశాను? నాకు పిచ్చా?

డాక్టర్ సాబ్ నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు చెప్పాడు.

"సాబ్ ఏమంటుండంటే" అన్నాడు దానయ్య, "మెదడుల మనల్ని ఆపేటి జాగ ఒకటుంటదట. తిడుదామంటె వద్దంటది, కొడుదామంటె జర ఆగుమంటది. సారా లోపటికి పోంగనే ముందుగాల గదే పండుకుంటదట. నోరు, కాళ్లు, చేతులు తర్వాత పండుకుంటయి. గా నడుమల్నే లొల్లంత. చెయ్యి మెల్కతోని ఉంటది, ఆపేటోడు ఉండడు."

"తాగని రోజు గూడ నాకు కోపం ఆగుతలేదు గద?"

దానయ్య అడిగి చెప్పాడు. "ఏండ్లకేండ్లు తాగితే, తాగని పూట గూడ అది తొందరగ లేవదట. మొద్దువారుతదట."

"మళ్ల లేస్తదా?"

ఆ ప్రశ్నకు డాక్టర్ సాబ్ నేరుగా నా వైపు చూసి, వచ్చీరాని తెలుగులో తనే చెప్పాడు. "మెల్లగ. బహుత్ మెల్లగ. తాగకుంటే."

దానయ్య నాకు చేసిన మేలు ఇంకొకటి ఉంది. కట్టు గుడ్డల కొసలు రోజూ గుప్పెడు తెచ్చి నా ముందు పడేసేవాడు. "నేతగానివి, ఊకె కూసుంటవేంది? ముడెయ్యి" అనేవాడు. మొదటి రోజు ఒక్క ముడి పడలేదు. ఇంటికి పంపే రోజుకు తొమ్మిది వేశాను. "గిట్ల నేస్తే నీ చీర కట్టుకున్న ఆడిది బజార్ల ఇజ్జత్ పోగొట్టుకుంటది" అని వెక్కిరించి, ఆ తొమ్మిది ముళ్ల గుడ్డను నా రుమాలుకు కట్టి పంపాడు.

*

ఆషాఢంలో చిన్నకోడూరుకు నడిచి పోయాను. దారంతా డాక్టర్ సాబ్ మాటలు వల్లె వేసుకున్నాను. నా తప్పుకు ఒక పేరు దొరికిందని లోపల ధీమాగా ఉంది. ఈరయ్య ఇంటి ముందు నర్సవ్వ రాట్నం తిప్పుతోంది. నన్ను చూసి ఆపలేదు. సత్తెమ్మ వచ్చి గుంజ చాటున నిలబడింది. దగ్గరికి రాలేదు.

అంతా చెప్పాను. మెదడులో జాగ, అది పండుకోవడం, చెయ్యి మెలకువగా ఉండటం. చివరికి, "తప్పు నాది గాదు నర్సవ్వా, అది సారా జేసిన పని. దవాఖానల చెప్పిన్రు" అన్నాను.

రాట్నం ఆగింది.

"ఆపేటిది పండుకున్నదంటున్నవ్. మంచిది. పండవెట్టింది ఎవరు?" అంది. "మొదటి సీస ఎత్తినప్పుడు అది మెల్కతోనే ఉండె గద? అప్పుడు వద్దన్లేదా?"

ఆమె అన్నది నిజమే. మొదటి సీస ముందు ప్రతిసారీ లోపల ఎవరో వద్దనేవాడు. వాడి మాట దాటి పోయింది నేనే.

ఈరయ్య నీళ్ల చెంబు ఇచ్చి, "ఇప్పుడు పో బావా" అని మాత్రం అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు సిద్దిపేట పొలిమేరలో సారా దుకాణం దగ్గర కాళ్లు నిలబడ్డాయి. ఒకటే తాగుతా అనుకున్నాను. వద్దనేవాడు ఆ రోజు గట్టిగానే వద్దన్నాడు, విన్నాను కూడా. విని తాగాను. తెలివి వచ్చేసరికి బాట పక్కన బురదలో ఉన్నాను. రుమాలు లేదు. దానికి కట్టిన తొమ్మిది ముళ్ల గుడ్డా లేదు. ఆ గుడ్డ కోసం పిచ్చివాడిలా బురదంతా దేవాను. దొరకలేదు. దవాఖానకు పోయి దానయ్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. లోపలికి పోయి ఇంకో గుప్పెడు కొసలు తెచ్చాడు. "మొదటిసంది షురూ చెయ్యి" అన్నాడు.

అదే ఆఖరుసారి తాగడం. ఆఖరుసారి అని ఇప్పుడు రాయగలుగుతున్నాను గాని అప్పుడు తెలియదు.

*

శ్రావణంలో అటక మీది గోనెసంచి దించాను. గంజి ఎండి, దుమ్ము పట్టి, రెండు సగాలూ ఉండలు కట్టి ఉన్నాయి. తడిపి, చిక్కు తీసి, ఇంటి లోపల ఎదురెదురుగా రెండు గుంజలకు కట్టాను. ఒక్కో పోగు కొస తీసుకుని, అవతలి కొసతో పెట్టి, వేలికి కొంచెం గంజి అద్దుకుని మెలేసి అతకాలి. బాగున్న రోజుల్లో కళ్లు మూసుకుని చేసిన పని. మొదటి రోజు పొద్దంతా కూర్చుంటే పదకొండు పోగులు నిలిచాయి.

ఎల్లవ్వ వచ్చి వాకిట్లో కూర్చునేది. "గీ పోగులు నాకు గూడ కనవడ్తున్నయ్ కొడుకా, ఫికర్ జెయ్యకు" అని నవ్వేది.

తాగాలనిపించలేదా అంటే రోజూ అనిపించింది. సాయంత్రం సారా దుకాణం వైపు నుంచి గాలి వీస్తే నోట్లో నీళ్లు ఊరేవి. ఇప్పటికీ ఊరుతాయి. ఆ గాలి వీచినప్పుడు ఒక పోగు పట్టుకునేవాణ్ణి. అది అతికేదాకా లేవకూడదని నాకు నేను పెట్టుకున్న కట్టడి. అది అతికాక ఇంకొకటి. ఆ దాహం కంటే ఎక్కువ బాధపెట్టింది రాట్నం చప్పుడు లేకపోవడం. కొన్ని మధ్యాహ్నాలు వెనక్కి తిరిగి, ఆమె కూర్చునే చోటు నేల కొంచెం గుంట పడి ఉంటే, దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి. బతుకమ్మ పూల కోసం వీధి పిల్లలు తంగేడు కొమ్మలు తెస్తుంటే సత్తెమ్మ ఈ ఏడు ఎవరి బతుకమ్మ చుట్టూ తిరుగుతుందో అనుకున్నాను.

బతుకమ్మ పోయిన వారానికి ఆఖరి పోగు అతికింది. అతికిన పడుగుకు మళ్లీ గంజి పెట్టాలి. ఇంటింటికీ పోయి, నేను కోసిన రోజు చూసిన వాళ్లందరినీ, రమ్మని అడిగాను.

"కల్లు వోస్తవా?" అన్నాడు ఒకాయన తలుపు సందులోంచి.

"లేదు. అంబలి వోస్త."

"కత్తి?"

"ఎల్లవ్వ కొంగుకు కట్టిచ్చిన."

ఆయన నన్ను కాసేపు చూసి నవ్వాడు. "అయితే వస్త."

పొద్దున వీధిలో పడుగు పరిచాం. ఒక కుంచె నేను పట్టుకున్నాను. ఎదురుగా రెండో కుంచె నేల మీద ఉంది. అది తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అది ఎవరిదో అందరికీ తెలుసు. ఎండ ఎక్కుతోంది. అప్పుడు వీధి మలుపులో ఈరయ్య కనబడ్డాడు. ఒక్కడే వచ్చాడు. అతని వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చాలాసేపు చూశాను. ఈరయ్య వంగి కుంచె తీసుకున్నాడు. సగం దూరం దువ్వాక, "తిన్నగనే పోతున్నది బావా చెయ్యి" అన్నాడు.

ఎల్లవ్వ పాత రాట్నం అడిగి తెచ్చుకుని కండెలు నేనే చుట్టాను. మా ఇళ్లల్లో ఆ పని మగవాళ్లు చేయరు. మగ్గం నేసేది ఒక పూట, కండెలు చుట్టేది ఒక పూట. అట్లా ఒక చీర అయింది. అతుకులన్నీ ఒకే చోట పడ్డాయి కనుక చీరకు అడ్డంగా ఒక గరుకు గీత వచ్చింది. ఆ చీర తీసుకుని చిన్నకోడూరు పోయాను. ఈసారి దారిలో ఏ మాటలూ వల్లె వేసుకోలేదు.

"పండవెట్టింది నేనే" అన్నాను. "కోసింది నేనే."

నర్సవ్వ చీర విప్పి ఒళ్లో పరుచుకుంది. వేలితో ఆ గీత వెంట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా తడిమింది. తర్వాత బట్ట ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"కండెలు ఎవరు చుట్టిన్రు?"

"నేనే."

"వదులుగ చుట్టినవ్."

లేచి లోపలికి పోయింది. తను చుట్టిన కండెలతో ఒక గంప తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి ఒడిసినంక మళ్ల రా. నడుసుకుంట రా."

ఆ చలికాలమంతా నేను చేసింది అదే. గంపెడు కండెలు నేసి, ఖాళీ గంపతో నడిచి పోవడం, నిండు గంపతో నడిచి రావడం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పొలిమేర దుకాణం ముందు నుంచే దారి. ఆ కండెలతో నేసిన బట్టలో మొదటిది ఈరయ్యకు అతని నూలు కింద ఇచ్చాను. ప్రతిసారీ నర్సవ్వ గంప ఇచ్చే ముందు నా చేతులు చాపమని చూసేది. నాలుగోసారి సత్తెమ్మ గుంజ చాటు నుంచి బయటికి వచ్చి, నా వేళ్లు పట్టుకుని తనే చూసింది. "ఊగుతలేవు అవ్వా" అని తల్లికి చెప్పింది.

జొన్న కోతల తర్వాత ఒకరోజు పోయేసరికి గంప లేదు. నర్సవ్వ రాట్నం ఎత్తి నా భుజం మీద పెట్టింది.

"మోయి" అంది.

ముందు నేను, వెనక వాళ్లిద్దరూ నడిచాం. వెనక్కి తిరగలేదు. రెండు జతల అడుగుల చప్పుడు వింటూ నడిచాను. సిద్దిపేట పొలిమేరలో దుకాణం దగ్గర తెలిసిన గొంతులు నన్ను పేరు పెట్టి పిలిచాయి. నా నడక మందగించింది. నాకే తెలియకుండా మందగించింది.

"దించకు" అంది నర్సవ్వ వెనక నుంచి. "నడుమల దించితే మళ్ల ఎత్తుకునుడు కష్టం."

దించలేదు. ఇంట్లో ఆ నేల గుంట పడ్డ చోటు దాకా మోసుకుపోయి, అక్కడ దించాను.